పాట తీసేస్తే మన సినిమాలో ఏం పోతుంది?

ప్రశ్న: పరకాల దారి (హనుమకొండ)

నా చిన్నతనంలో, 1980ల చివర్లో, పరకాల వైపున్న మా ఊరి నుంచి ఎడ్లబండి కట్టుకుని పట్టణానికి రెండో ఆట సినిమాకు వెళ్లిన ఒక రాత్రి గురించి మా ఇంట్లో ఇప్పటికీ మాట వస్తూ ఉంటుంది. సినిమా పేరు ఇక్కడ అవసరం లేదు. అందులోని ఒక పాటను మా అమ్మ అప్పటికే ఎన్నో నెలలుగా రేడియోలో వింటూ ఉండేది. పత్తి ఏరుతున్నా, పొయ్యి ఊదుతున్నా ఆమె నోట అదే పాట. తీరా హాల్లో కూర్చున్నాక ఆ పాట రానే లేదు. హీరో హీరోయిన్లు చెరువు గట్టు మీద ఒకరినొకరు చూసుకున్నారు, తెర మీద ఒక తెల్లటి గీత మెరిసింది, వెంటనే విలన్ ఇంటి మెట్లు కనిపించాయి. కథ అర్థం కావడంలో మా నాన్నకు ఏ లోటూ కనబడలేదు. అమ్మ మాత్రం ఆట విడిచాక గేటు దగ్గర నిలబడి, "పాట లేని సినిమాకు పైసలెందుకు తీసుకున్నరు?" అని టికెట్టు డబ్బులు తిరిగి అడిగింది. గేటు దగ్గరి మనిషి నవ్వి ఊరుకున్నాడు.

ఇప్పుడు నేను ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. శనివారాల్లో నలుగురైదుగురు మిత్రులం కూర్చుని ఇతర దేశాల సినిమాలు చూస్తాం. మన సినిమాల్లో పాట కథకు అడ్డమని, ఉన్నట్టుండి యాభై మంది నాట్యగాళ్లు ఎక్కడి నుంచి వస్తారని, చరణం మారేసరికి చీర ఎలా మారుతుందని వాళ్లు అడుగుతారు. నేనూ చాలాకాలం ఆ మాటే అన్నాను. కానీ గత నెలలో కాజీపేటలో జరిగిన ఒక పెళ్లి బరాత్‌లో ‘నాటు నాటు’ మొదలవగానే, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని మా మేనమామ పెళ్లికొడుకు భుజం మీద చెయ్యి వేసి కాలు ఆడించడం చూశాక, నా వాదం మీద నాకే నమ్మకం సడలింది. (ఆ పాట రాసిన చంద్రబోస్‌ది మా వైపు చల్లగరిగ. 2023 మార్చిలో దానికి ఆస్కార్ వచ్చిన రోజున మా ఊళ్లో అందరూ ఆయనకు ఏదో ఒక వరుస కలుపుకున్నారు.)

నా ప్రశ్న ఇది: పాట అసలు చేసే పని ఏమిటి? అది మనకు అలవాటు కనుక నచ్చుతుందన్న జవాబుతో నాకు తృప్తి లేదు. ఆ అలవాటు లేని జపాన్‌లో 1998లో ‘ముత్తు’, 2022 అక్టోబరు నుంచి ‘ఆర్ఆర్ఆర్’ అంతగా ఎందుకు ఆడాయో ఆ జవాబు చెప్పలేదు.

జవాబు 1: పాత ఆపరేటర్ (జమ్మికుంట)

మీ అమ్మగారు నిలబడిన గేటు నేను పనిచేసిన హాలుది కాకపోవచ్చు గాని, ఆ తప్పు మాత్రం నేనూ చేసినవాడినే. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. నాలుగున్నర నిమిషాల పాట అంటే 400 అడుగుల పైమాట. రెండో ఆట తొమ్మిదిన్నరకు మొదలు కావలసి ఉండగా కరెంటు పోయి పదిన్నరకు మొదలైతే, లేదా ఒకే ప్రింటును రెండు హాళ్లలో ఆడిస్తూ సైకిలు మీద రావలసిన రీలు ఆలస్యమైతే, తొందరగా ముగించమని కింది నుంచి కబురు వచ్చేది. అప్పుడు మేము కోసేది పాటనే. ఫైటు కోస్తే తరువాతి సీనులో హీరో తలకు కట్టు ఎందుకు ఉందో జనానికి తెలియదు. పాట కోస్తే కథకు ఏ దెబ్బా తగలదని మా లెక్క. ఆ లెక్క తప్పని కుర్చీలు విరిగాక తెలిసింది. మీరు చూసిన తెల్లటి గీత, అతుకు పడ్డ చోటు. కోసిన ముక్కను పొద్దుటి ఆటకు మళ్లీ అతికించేవాళ్లం గాని, అతికించిన ప్రతిసారీ కొంత ఫిల్ము పోతుంది. నాలుగు ఊళ్లు తిరిగి వచ్చిన ప్రింటులో కొన్ని పల్లవులు సగం మాట నుంచి మొదలయ్యేవి.

అయితే పాట ఏదైనా సరే జనం పడి చస్తారని అనుకోకండి. ప్రొజెక్టరు గది కిటికీ లోంచి చూసేవాడికి పాట బలం తలుపుల దగ్గర తెలుస్తుంది. పాట తేలిపోయిందంటే తలుపు తెరుచుకున్నప్పుడల్లా గోడ మీద వెలుతురు పడుతూ ఉంటుంది, సోడా బండివాడికి గిరాకీ తగులుతుంది. పాట నిలబడిందంటే బయట ఉన్నవాళ్లే బీడీలు పారేసి లోపలికి ఉరుకుతారు. చిల్లర పైసలు తెర మీదికి విసిరేవారు. మరునాడు ఊడ్చేవాడికి అదే రాబడి. మూడో వారంలో కూడా వచ్చేవారిలో కొందరికి, తమ పాట ఎన్నో రీలులో ఉందో నాకంటే బాగా తెలిసి ఉండేది. వాళ్లు ఆ పాట కోసమే వచ్చి, అది అయిపోగానే లేచి వెళ్లేవారు. మీరు అడిగిన పని ఏమిటో నేను చెప్పలేను గాని, కథ ఒక్కసారి చూస్తే అయిపోయేదని, పాట మాత్రం అయిపోయేది కాదని ఆ గదిలో కూర్చున్న ఇన్నేళ్లలో గమనించాను.

జవాబు 2: కథల సంచి (జనగామ)

ఆపరేటర్ గారి చివరి మాట దగ్గర నుంచే మొదలుపెడతాను. "తరువాత ఏమవుతుంది?" అన్న ఆత్రం మీద నడిచే కథ ఒక రకం, ముందే తెలిసిన కథను ఈ రాత్రి వీళ్లు ఎలా పాడతారో చూద్దామని కూర్చునేది ఇంకొక రకం. మన ప్రాంతంలో తరతరాలుగా ఉన్నది ఈ రెండవది. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ వినడానికి వచ్చిన వాళ్లలో ఆ కథలు తెలియని వాళ్లు ఎవరూ ఉండరు. ఒగ్గు కథకుడు కొంతదూరం వచనంలో చెప్పుకుపోతాడు. అంతలో డోలు అందుకుంటుంది, తాళాలు కలుస్తాయి, మాట పాటలోకి ఎక్కుతుంది, వంత పాడేవాడు దాన్ని అందుకుని ఇంకో మెట్టు పైకి తీసుకుపోతాడు. వచనంలో పన్నెండేళ్లు ఒక్క వాక్యంలో దాటిపోతాయి. తల్లి బిడ్డను విడిచే ఒక్క క్షణం దగ్గర మాత్రం కథకుడు ఆగి, భుజం మీది కండువానే పసిబిడ్డగా ఒడిలో పెట్టుకుని, అరగంట పాడతాడు. అప్పుడు కథ ఆగిందని ఎవరూ అనరు. అందరూ వచ్చింది ఆ అరగంట కోసమే. మీరు భౌతికశాస్త్రం చెప్పేవారు కనుక, వచనంలో పోయే కాలమూ పాటలో పోయే కాలమూ ఒకే గడియారంతో కొలిచేవి కావంటే ఒప్పుకుంటారో లేదో తెలియదు గాని, మా వైపు ముసలమ్మలు ఎప్పుడో ఒప్పుకున్నారు.

చిందు యక్షగానం చూడండి. అందులో పాత్రలు దరువుతో రంగం మీదికి వస్తాయి. తానెవరో, ఏ రాజ్యం ఏలేవాడో, తన బలం ఎంతో పాడి ఆడి చెప్పుకున్న తరువాతే పాత్ర కథలో కాలు పెడుతుంది. హీరో పరిచయ గీతాన్ని మీ శనివారం మిత్రులు వెటకారం చేస్తారేమో; అది ప్రవేశ దరువుకు మనవడి వరస. యాభై మంది ఎక్కడి నుంచి వచ్చారన్న ప్రశ్న కూడా దరువు తెలిసినవాడికి పుట్టదు, ఎందుకంటే వంత పాడేవాడు కథలో ఎవరని యక్షగానంలో ఎవరూ అడగరు.

సినిమా ఈ సొత్తును నేరుగా పల్లెల నుంచి తెచ్చుకోలేదు. నాటకం ద్వారా తెచ్చుకుంది. 1931 మార్చి 14న విడుదలైన మన దేశపు మొదటి టాకీ ‘ఆలం ఆరా’ పార్సీ రంగస్థలం నుంచి వచ్చింది, అందులో 7 పాటలున్నాయి. మరుసటి ఏడాది వచ్చిన ‘ఇంద్రసభ’లో సుమారు 70 పాటలున్నాయంటే, మాట నేర్చిన తెర మొట్టమొదట ఏం చేయాలనుకుందో తెలుస్తుంది. హెచ్.ఎం. రెడ్డి తీసిన తెలుగు ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించింది నాటకాల నుంచి వచ్చిన సురభి కమలాబాయి, పద్యం బాగుంటే "వన్స్ మోర్" అని అరిచే ప్రేక్షకులు ఆ నటులతో పాటే సినిమా హాలుకు వచ్చారు. 1963లో ‘లవకుశ’ వచ్చే నాటికి కూడా పాటలూ పద్యాలూ కలిపి 30కి పైగా ఉన్నాయి, జనం బండ్లు కట్టుకుని వెళ్లి చూశారు.

కొత్త ఉదాహరణ కావాలంటే 2023లో వచ్చిన ‘బలగం’ ఉంది. అందులో చివరి పాటను దుగ్గొండికి చెందిన బుడగ జంగాల కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య దంపతులు పాడారు. చనిపోయిన మనిషి తరఫున, ఆ ఇంటి వాళ్ల ముందు నిలబడి, వాళ్ల తప్పులు వాళ్లకే పాడి వినిపించడం ఆ కులవృత్తిలో ఉన్నదే. అదే సంగతిని ఏ మేనమామో లేచి మాటల్లో చెప్పి ఉంటే ఇంకో గొడవ మొదలయ్యేది. పాటగా వచ్చింది కనుక అందరూ తలవంచుకుని విన్నారు. మన ఊళ్లలో వీధుల్లో తెరలు కట్టి ఆ సినిమా వేసుకున్నప్పుడు, తెర మీద తలలు వంగిన చోటే తెర ముందు తలలూ వంగడం నేను కళ్లారా చూశాను.

జవాబు 3: ములుగు రోడ్డు

దరువుకూ ఇప్పటి పాటకూ చుట్టరికం కలపడం బాగానే ఉంది గాని, ఈ గౌరవమంతా ప్రతి పాటకూ పంచవద్దని మనవి. ప్రవేశ దరువు పాత్ర ఎవరో చెబుతుంది. ఇప్పటి పరిచయ గీతం ఆ నటుడు ఎవరో, అతని తాత ఎవరో చెబుతుంది. సినిమాకు నెల ముందే విడుదలై ఫోన్లలో తిరగవలసిన సరుకు కనుక, ఏ సన్నివేశానికి రాశారో తెలియకుండానే అర్థమయ్యేలా పాట తయారవుతోంది. అలాంటిదాన్ని తెచ్చి కథలో అతికిస్తే అది ఆపరేటర్ గారి అతుకులాగే కనిపిస్తుంది. నాయిక పాటకు వచ్చి పాటతో పాటే మాయమయ్యే సినిమాలను నేను వేళ్ల మీద లెక్కపెట్టలేను.

పైగా రంగులూ నృత్యమూ లేకుండానే పాట నిలబడుతుంది. గౌతమ్ ఘోష్ ‘మా భూమి’లోని "బండెనక బండి కట్టి", సుద్దాల హనుమంతు రాసిన "పల్లెటూరి పిల్లగాడా" పాటల్లో ఎవరూ చీరలు మార్చలేదు. అవి సినిమా కంటే ముందే, సాయుధ పోరాటం నాటికే జనం నోట ఉన్నవి. సినిమా వాటిని అరువు తెచ్చుకుంది, అంతే.

జవాబు 4: కాలి గజ్జెలు (హనుమకొండ)

ములుగు రోడ్డు అన్నగారు పాట గురించి చెప్పినదానితో నాకు పేచీ లేదు. నృత్యాన్ని చీర మార్చుకునే అలంకారం కింద జమకట్టడమే నచ్చలేదు. నేను పిల్లలకు పేరిణి, కూచిపూడి నేర్పుతాను. పాఠశాలల వార్షికోత్సవాలప్పుడు సినిమా పాటలు కూడా తప్పవు. మొదట్లో చిన్నతనంగా అనిపించేది. తరువాత పిల్లల కాళ్లను గమనించడం మొదలుపెట్టాను.

‘నాటు నాటు’నే తీసుకోండి. కీరవాణి గారు దానికి పెట్టిన నడక ఆరు లెక్కల నడక, మన పల్లెల్లో డప్పు మీద వినిపించే ఊపు. ప్రేమ్ రక్షిత్ మాస్టర్ కూర్చిన అసలు అడుగును ఏ పిల్లవాడైనా ఒక్క పూటలో పట్టుకుంటాడు: పక్కవాడి భుజం మీద చెయ్యి, ఒక కాలు నేల మీద, రెండో కాలు ముందుకూ వెనక్కూ. చిక్కంతా ఇద్దరూ ఒకేసారి, ఒకే ఎత్తున కాలు లేపడంలో ఉంది. ఒక్కడు పావు లెక్క ఆలస్యం చేసినా ఇద్దరూ పడతారు. చూసేవాడి ఒళ్లు "ఇది నాకూ వచ్చు" అని లేస్తుంది. రెండు నిమిషాలయ్యాక "అబ్బా, ఇది నా వల్ల కాదు" అని నోరు తెరుస్తుంది. ఈ రెండూ కలిసిన చోట జనం ఆకర్షణ పుడుతుందని నా అనుభవం. ప్రశ్న అడిగిన వారి మేనమామ గారు లేచింది మొదటి మాటకు. జపాన్‌లో వాళ్లకూ ఆ మాట వినడానికి భాష అక్కరలేదు. బతుకమ్మలోనూ అంతే: వంగి చప్పట్లు కొట్టి అడుగు వేయడం నాలుగేళ్ల పిల్లకూ వచ్చు, కానీ నూరు మంది ఆడవాళ్లు ఒకే వలయంగా తిరుగుతుంటే గట్టు మీద నిలబడ్డవాళ్లు కళ్లు తిప్పుకోలేరు.

జనం ఆటను తక్కువగా చూడకపోవడం మన ఊరికి కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుని గజసేనాపతి జాయప సేనాని 1253-54 నాటి ‘నృత్త రత్నావళి’లో ఎనిమిది అధ్యాయాలు రాస్తే, నాలుగు మార్గ (శాస్త్రీయ) నృత్యానికి, నాలుగు దేశి (జనం ఆడుకునే) నృత్యానికి కేటాయించాడు. పేరిణి ఆ దేశి భాగంలోనిదే. నటరాజ రామకృష్ణ గారు ఆ గ్రంథాన్నీ రామప్ప గుడి శిల్పాలనూ పక్కపక్కన పెట్టుకుని దాన్ని మళ్లీ నిలబెట్టారు. కోలల ఆటను కూడా జాయప వదల్లేదు. ఏనుగుల దండును నడిపే మనిషికి కోలల ఆట గురించి రాసే తీరిక ఎలా దొరికిందా అని మా పిల్లలు అడుగుతుంటారు.

పరకాల దారి (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. జనగామ వారు చెప్పిన రెండు కాలాల సంగతి మా శనివారం మిత్రులకు వినిపించాను. ఒకరు ఒప్పుకున్నారు, ఒకరు ఒప్పుకోలేదు, మిగిలినవారు ‘బలగం’ మళ్లీ చూద్దామన్నారు. ములుగు రోడ్డు వారి అభ్యంతరంలో నాకు సగం నిజం కనిపిస్తోంది. అయితే మా అమ్మ సంగతి ఆయన లెక్కలోకి రాదు. పాట ఆమె చెవిలో అప్పటికే పూర్తిగా ఉంది. సాహిత్యం ఉంది, రాగం ఉంది. మరి హాలుకు దేనికోసం వెళ్లినట్టు?

నిన్న రాత్రి భోజనాల దగ్గర ఆమెనే అడిగాను. ఆపరేటర్ గారు పంపిన కబురు చెబితే నవ్వింది గాని, కోపం ఇంకా పూర్తిగా తగ్గలేదు. "ఆ పాటల ఆమె ఏ రంగు చీర కట్టిందో నాకు ఇప్పటికీ తెల్వదు" అంది. తరువాత టీవీలో ఎన్నోసార్లు వచ్చింది కదా, అప్పుడు చూడలేదా అన్నాను.

"మనింట్ల ఉన్నది నలుపు తెలుపు టీవీ గాదుర."

ఫోనులో వెతికి ఇప్పుడే చూపిస్తానన్నాను. వద్దంది. నెలల తరబడి పత్తి చేలో పాడుకున్నప్పుడు తాను కట్టించిన చీర ఒకటి ఉందట, అది చిలకపచ్చది.