కౌన్సెలింగ్ చేసేవాళ్ల గోడు వినేదెవరు?

రెండోకుర్చీ:
ఎనిమిదేళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. మా అమ్మ పోయి నాలుగు నెలలైంది. పదిహేను రోజులు సెలవు పెట్టి మళ్లీ పనిలో పడ్డాను, తేరుకున్నాననే అనుకున్నాను. ఈమధ్య, తల్లిని పోగొట్టుకున్న ఒకరు వచ్చారు. ఆ గంటంతా బాగానే విన్నాను. వాళ్లు వెళ్లాక కుర్చీలోంచి లేవలేకపోయాను. నోట్స్ రాద్దామని పెన్ను తీసి తేదీ వేశాను. దాని కింద ఒక్క ముక్క పడలేదు. బయట తర్వాతి వాళ్లు కూర్చుని ఉన్నారు. మొహం కడుక్కుని వాళ్లను లోపలికి పిలిచాను.

ఇంటికి వెళ్తే "ఏమైంది, అలా ఉన్నావేంటి?" అని మా ఆయన అడిగారు. ఏమని చెప్పను? క్లయింట్ చెప్పింది గడప దాటకూడదు. నా బాధ చెప్పుకుందామంటే అది దానితోనే ముడిపడి ఉంది. స్నేహితురాలికి ఫోన్ చేస్తే రెండో నిమిషానికల్లా తన కష్టం నేను వింటున్నాను. మీరంతా ఎవరి దగ్గరికి వెళ్తారు?

రాత్రిషిఫ్టు:
అక్కా, నాలుగు నెలలంటే ఇంకా పచ్చిగాయమే.

ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లు ఫోన్ చేసే హెల్ప్‌లైన్‌లో నేను వాలంటీర్‌ని. మా దగ్గర షిఫ్టు అయ్యాక లీడర్‌తో మాట్లాడకుండా ఎవరూ ఇంటికి వెళ్లకూడదు. 1953లో లండన్‌లో చాద్ వారా అనే మతగురువు మొదలుపెట్టిన సమారిటన్స్ హెల్ప్‌లైన్‌లోనూ ఈ పద్ధతి ఉంది. కొత్తలో నాకిది హాజరు వేయించుకోవడంలా అనిపించేది. బ్యాగు భుజాన వేసుకుని "అంతా ఓకే" అనేసి వెళ్లిపోయేవాడిని. ఒకరోజు మాట మధ్యలోనే ఫోన్ కట్టయింది. అవతలి మనిషి మళ్లీ చేయలేదు. ఆరోజు లీడర్ "ఎలా ఉన్నావు" అనలేదు. "ఏ కాల్ ఇంకా చెవిలో మోగుతోంది?" అన్నారు. బ్యాగు కింద పెట్టి కూర్చున్నాను. మాట్లాడింది పావుగంటే. అది లేకపోతే మర్నాడు ఆ ఫోన్ ముట్టుకునేవాడిని కాదు.

ముప్పైఏళ్లుగా:
సూపర్‌విజన్, అంటే అనుభవమున్న మరో కౌన్సెలర్‌తో మన కేసుల గురించి క్రమం తప్పకుండా మాట్లాడటం, ఉంది కదా అని ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే చెబుతున్నాను. సూపర్‌విజన్ ఉండాల్సిందే. బ్రిటన్‌లోని కౌన్సెలర్ల సంఘం బీఏసీపీ నెలకు కనీసం గంటన్నర ఉండాలని చెబుతూ వచ్చింది. కానీ అక్కడ చర్చకు వచ్చేది క్లయింట్ కేసు. మీకు ఏడుపొస్తే, అది ఆ క్లయింట్‌తో మీ పనికి ఎక్కడ అడ్డుపడుతోందో చూస్తారు. అదీ అవసరమే. అమ్మ కోసం ఏడవడానికి మాత్రం వేరే చోటు కావాలమ్మా.

సూపర్‌వైజరే మీ పై అధికారి కూడా అయితే మరీ జాగ్రత్త. ఒకప్పుడు నేను పనిచేసిన చోట అలాగే ఉండేది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని నమ్మి చెప్పుకున్నాను. ఆరు నెలల తర్వాత నా పనితీరు రిపోర్టులో "ఒత్తిడి తట్టుకోలేకపోతున్నారు" అని రాసి ఉంది. ఆ తర్వాత రెండేళ్లు ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. ఆ రెండేళ్లూ ఎదుటివాళ్ల మాట వింటున్నట్టు కూర్చున్నానే గానీ సరిగ్గా వినలేదు. చివరికి నా పనితో, నాకు తెలిసినవాళ్లతో ఏ సంబంధమూ లేని థెరపిస్టును ఆన్‌లైన్‌లో వెతుక్కున్నాను. ఇప్పటికీ వెళ్తున్నాను.

మొదటిఏడాది:
సార్, నేను ఇంకా కోర్సులో ఉన్నాను. థెరపీకి వెళ్తున్నానని తెలిస్తే "ముందు నువ్వు బాగుపడు, తర్వాత పక్కవాళ్లకు చెబుదువు" అంటారేమోనని టెన్షన్. మా క్లాసులో ఎవరూ ఈ మాటే ఎత్తరు.

ముప్పైఏళ్లుగా:
ఎత్తాలమ్మా, నువ్వే ఎత్తు. సైకో అనాలిసిస్‌, అంటే మనసు లోతుల్లో ఉన్నదాన్ని మాటల్లో బయటికి తెచ్చే చికిత్స, నేర్చుకునేవాళ్లు ముందు తామే అనాలిసిస్ చేయించుకోవాలన్న నియమం 1920ల నుంచే ఉంది. ఆ చికిత్సకు ఆద్యుడైన ఫ్రాయిడ్, ఎనభై ఏళ్లు దాటాక 1937లో రాసిన ఒక వ్యాసంలో, అనలిస్టులు అయిదేళ్లకోసారి మళ్లీ అనాలిసిస్‌కు వెళ్లాలని, అందుకు సిగ్గుపడొద్దని అన్నాడు. చేయి తిరిగినవాళ్ల గురించే అన్న మాట అది.

గుండ్రంగాకూర్చుందాం:
నాకు ఆసరా మా బాలింట్ గ్రూపు. 1950లలో మైఖేల్ బాలింట్ అనే సైకో అనలిస్టు లండన్‌లో ఫ్యామిలీ డాక్టర్లతో నడిపిన పద్ధతి ఇది. మేం ఎనిమిది మందిమి, నెలకు రెండుసార్లు కలుస్తాం. పేర్లూ ఆనవాళ్లూ లేకుండా, కాగితం చూడకుండా ఒకరు కేసు చెబుతారు. చెప్పడం అయ్యాక కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని ఊరికే వినాలి. మిగతావాళ్లు మాట్లాడతారు. సలహాలివ్వరు. "నేనైతే భయపడేదాన్ని", "నాకు ఆ మనిషి మీద కోపం వస్తోంది" అని తమకేమనిపించిందో చెబుతారు.

ఒక క్లయింట్ మీద మూడు నెలలుగా నాకు లోలోపల విసుగు. ఆ సంగతి ఒప్పుకోవడానికే చచ్చేంత సిగ్గయ్యేది. కేసు చెప్పి వెనక్కి జరిగితే, వింటుంటేనే విసుగొచ్చిందని నలుగురన్నారు. తప్పు నా ఒక్కదానిదే కాదని అప్పుడర్థమైంది. అయితే మీది అమ్మ పోయిన దుఃఖం. దానికి గ్రూపు చాలదు, పైన సార్ చెప్పిందే సరి.

ఇంట్లోమనిషి:
నేను కౌన్సెలర్‌ని కాదు, మా ఆవిడ కౌన్సెలర్. ఆవిడ ముభావంగా ఉంటే నా మీద కోపమేమోనని ఏళ్ల తరబడి అనుకున్నాను. గుచ్చి గుచ్చి అడిగేవాడిని, ఆవిడ ఇంకా ముడుచుకుపోయేది. ఇప్పుడు ఒక మాట అనుకున్నాం. తలుపు తీయగానే "ఈరోజు బరువుగా ఉంది" అంటుంది. ఎందుకని నేను అడగను. కాసేపు పక్కన కూర్చుంటాను. ఏం జరిగిందో చెప్పకపోయినా ఎలా ఉన్నారో మీవారికి చెప్పొచ్చు మేడమ్. ఆ ఒక్క ముక్క కోసం ఆయన ఎదురుచూస్తూ ఉంటారు.

రెండోకుర్చీ:
పదకొండు రోజులకు మళ్లీ వచ్చాను. అందరికీ చేతులెత్తి దండం. ఇంట్లో ఆ మాట చెప్పాను. ఆయన టీవీ కట్టేసి వచ్చి నా పక్కన కూర్చున్నారు.

నిన్న ఒక థెరపిస్టు దగ్గరికి వెళ్లాను. నా గదిలో గడియారం క్లయింట్ కుర్చీ వెనక గోడకు ఉంటుంది, నాకు మాత్రమే కనబడేలా. అక్కడ కూర్చోగానే అలవాటు కొద్దీ టైం కోసం ఎదుటి గోడ చూశాను. ఖాళీగా ఉంది. గడియారం నా వెనకుంది.

చివరి రోజుల్లో ఆసుపత్రిలో అమ్మ కళ్లజోడు అడిగింది. రేపు తెస్తానన్నాను. ఆ మాట నిన్నటిదాకా ఎవరితోనూ అనలేదు. చెప్పడం మొదలుపెట్టాక టైం ఎంతయిందో నాకు తెలియలేదు, ఆవిడే చెప్పారు.

వచ్చే గురువారం మళ్లీ వెళ్తున్నాను.