ఫారిన్ కీని ‘విదేశీ కీ’ అనవచ్చా?

గ్రూపులో అందరికీ నమస్కారం. డేటాబేస్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. టేబుల్‌కి పట్టిక, రోకి అడ్డువరుస, కాలమ్‌కి నిలువువరుస అంటూ చకచకా సాగాను. ఫారిన్ కీ దగ్గరికొచ్చాక మూడు రోజులుగా పని కదలడం లేదు. ఒక అనువాదంలో ‘విదేశీ కీ’ అని చూశాను. అప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. ఆ మాట చదివిన విద్యార్థి ఏమనుకుంటాడు?

ఈ రంగంతో పరిచయం లేనివాళ్ళకోసం ముందు విషయం చెప్తాను. ఒక కాలేజీ డేటాబేసులో, అంటే కంప్యూటర్లో పద్ధతిగా దాచిన సమాచారంలో, రెండు పట్టికలు ఉన్నాయనుకుందాం. విద్యార్థుల పట్టికలో నంబరు, పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. మార్కుల పట్టికలో విద్యార్థి నంబరు, సబ్జెక్టు, మార్కులు ఉంటాయి. ఒకే పేరుతో ఇద్దరు ఉండొచ్చు, ఒకే రోజున ఇద్దరు పుట్టి ఉండొచ్చు. నంబరు మాత్రం ఏ ఇద్దరికీ ఒకటి కాదు. అందుకే మొదటి పట్టికలో నంబరు ప్రైమరీ కీ. మార్కుల పట్టికలో పేరూ తేదీ మళ్ళీ రాయం, నంబరొక్కటే వేస్తాం. దాన్ని పట్టుకుని మొదటి పట్టికలోకి వెళ్తే మనిషి దొరుకుతాడు. మార్కుల పట్టికలో ఉన్న ఆ నంబరే ఫారిన్ కీ.

పేరు పాతదే. ఐబీఎంలో పరిశోధకుడిగా ఉన్న ఎడ్గార్ కాడ్ 1970లో ప్రచురించిన వ్యాసంలోనే ప్రైమరీ కీ, ఫారిన్ కీ రెండూ ఉన్నాయి. సమాచారాన్ని ఇలా పట్టికల్లో దాచే రిలేషనల్ డేటాబేసులకు పునాది ఆ వ్యాసమే. ఆయన వాడిన ‘ఫారిన్’లో దేశాల ఊసే లేదు. ఆ మాట లాటిన్‌లో ‘తలుపు బయట’ అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. మన ‘ద్వారం’కీ దానికీ మూలం ఒక్కటేనని భాషాశాస్త్రజ్ఞులు చెప్తారు. కంట్లో నలుసు పడితే డాక్టర్లు ఫారిన్ బాడీ అంటారు. దాన్ని మనం విదేశీ వస్తువు అనం కదా! ఇక్కడా అంతే. ఈ పట్టికలో పుట్టని విలువ, బయటి నుంచి వచ్చి కూర్చుంది. అంతవరకే.

నాకు తోచినవి మూడు: పరాయి కీ, పొరుగు కీ, ఎరువు కీ. మూడోదాని మీద నాకు కాస్త మోజుంది. ‘ఎరువు సొమ్ము’ అంటే అడిగి తెచ్చుకున్న సొమ్ము. వేరే పట్టిక నుంచి తెచ్చుకున్న విలువకు ఇంతకన్నా తెలుగు మాట ఏముంటుంది? మీరేమంటారు?

వ్యాఖ్య: ఎరువు అనగానే ఇప్పటి పిల్లలకి పొలంలో చల్లే యూరియా గుర్తొస్తుందండీ. ఆ పాత అర్థం సామెతల్లోనే మిగిలింది. మాట చెప్పడానికే మళ్ళీ ఒక పాఠం కావాలి.

నా జవాబు: నిజమేనండీ. మీ వ్యాఖ్య చదివాక ఇంకో లోపం కూడా కనబడింది. ఎరువు తెచ్చుకున్న వస్తువు అసలు యజమాని దగ్గర ఉండదు, పైగా తిరిగి ఇచ్చెయ్యాలి. ఇక్కడ నంబరు విద్యార్థుల పట్టికలోనే ఉంది, తిరిగి ఇచ్చేదీ లేదు. కాబట్టి ఎరువును వదిలేస్తున్నాను.

వ్యాఖ్య: నేను కంప్యూటర్ పాఠాలు చెప్తాను. ఫారిన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ‘కీ’ సంగతి తేల్చండి. ‘తాళంచెవి’ అని చెప్తే పిల్లలు దాన్ని పాస్‌వర్డ్ అనుకుంటున్నారు. పట్టికను ఎవరూ తెరవకుండా ప్రైమరీ కీ కాపాడుతుందని జవాబులు రాస్తున్నారు.

నా జవాబు: మాస్టారూ, ఇది నాకు తట్టలేదు. ఇక్కడ తాళమే లేదు. కీ చేసే పని ఒక వరుసను మిగతా వరుసల నుంచి వేరు చేసి గుర్తుపట్టించడం. తెలుగులో ఆ పనికి ‘ఆనవాలు’ అనే చక్కని మాట ఉంది. ప్రైమరీ కీ అంటే ముఖ్య ఆనవాలు. ఒక పట్టికలో వరుసను గుర్తుపట్టే దారులు ఒకటికన్నా ఎక్కువ ఉండొచ్చు. నంబరుతో గుర్తుపట్టొచ్చు, ఎవరికి వారికి వేరుగా ఉండే ఈమెయిల్‌తోనూ గుర్తుపట్టొచ్చు. వాటిని క్యాండిడేట్ కీలు అంటారు, అంటే ఆనవాలుగా నిలబడగలిగినవి. వాటిలోంచి మనం ఎంచుకున్నది ముఖ్య ఆనవాలు. ఇలా చెప్తే ‘ముఖ్య’ అనే మాట ఎందుకు వచ్చిందో కూడా తెలుస్తుంది.

వ్యాఖ్య: ‘కీలు’ అనొచ్చు కదా! మోచేతి కీలు, తలుపు కీలు. రెండు పట్టికలు కలిసే చోటు కాబట్టి సరిపోతుంది. కీ అనే శబ్దం కూడా ఉంటుంది.

నా జవాబు: ఈ ఊహ నాకు చాలా నచ్చింది. రెండు పట్టికలను కలిపి చూపించే పనిని జాయిన్ అంటారు, అది కీలుకు దగ్గరగానే ఉంది. కానీ కీలు పడాలంటే రెండు వైపులూ కావాలి. ముఖ్య ఆనవాలు, ఫారిన్ కీ కలిస్తేనే కీలు. మనకు పేరు కావలసింది ఒక వైపుకే.

వ్యాఖ్య: రెండు పట్టికల మధ్య సంబంధం ఏర్పరుస్తుంది కాబట్టి ‘సంబంధ కీ’ అనండి. రిలేషనల్ అనే పేరు వచ్చింది కూడా అందుకే కదా?

నా జవాబు: చాలామంది అలాగే అనుకుంటారండీ, నేనూ కొన్నేళ్ళు అలాగే అనుకున్నాను. కాడ్ చెప్పిన ‘రిలేషన్’ గణితంలోని రిలేషన్. ఇంటర్ లెక్కల్లో సంబంధాలు, ప్రమేయాలు అని చదువుకుంటాం చూడండి, ఆ సంబంధం. నంబరు, పేరు, తేదీ మూడూ ఒక వరుసలో చేరడమే సంబంధం. అంటే పట్టికే రిలేషన్. డేటాబేసులో ఒకే ఒక్క పట్టిక ఉండి, ఫారిన్ కీ అసలు లేకపోయినా అది రిలేషనల్ డేటాబేసే. తెలుగులో రిలేషన్‌కీ, రిలేషన్‌షిప్‌కీ సంబంధం అనే ఒక్క మాటే వాడతాం కాబట్టి మనకి ఈ పొరపాటు ఇంకా తేలిగ్గా జరుగుతుంది. అందుకే ‘సంబంధ కీ’ వద్దనిపిస్తోంది.

వ్యాఖ్య: అయితే ‘పొరుగు ఆనవాలు’ ఖాయం చేద్దామా?

వ్యాఖ్య: ఒక్క సందేహం. ఉద్యోగుల పట్టిక ఉంది. ప్రతి ఉద్యోగి వరుసలో పై అధికారి నంబరు రాస్తాం. ఆ పై అధికారి కూడా అదే పట్టికలో ఒక ఉద్యోగి. అది కూడా ఫారిన్ కీయే. మరి అక్కడ పొరుగు ఎక్కడుంది? పరాయి ఎవరు?

నా జవాబు: ఈ ప్రశ్నకు రాత్రంతా జవాబు దొరకలేదు. నిజానికి ఇక్కడ ఇంగ్లిష్ పేరు కూడా నిలబడదు. తన పట్టికనే చూపించే విలువ ఫారిన్ ఎలా అవుతుంది? అప్పుడు అర్థమైంది, నేను ఇంతసేపూ ‘ఫారిన్’ అనే మాటకు అర్థం వెతుకుతున్నాను, ఆ విలువ చేసే పనిని చూడటం లేదు. అది చేసే పని ఒక్కటే: ‘నువ్వు వెతికే వరుస ఫలానా చోట ఉంది’ అని చెప్పడం. దీనికి మన దగ్గర మాట ఉంది. ఆచూకీ!

మార్కుల పట్టికలో ఉన్న నంబరు విద్యార్థి ఆచూకీ. ఉద్యోగి వరుసలో ఉన్న నంబరు పై అధికారి ఆచూకీ. అదే పట్టికైనా, వేరే పట్టికైనా ఆచూకీ ఆచూకీయే. చివర ‘కీ’ ఉండటం యాదృచ్ఛికం, కానీ గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది.

ఇంకా సంతోషం కలిగించిందేమిటంటే, ఈ మాటతో మిగతా నియమాలు కూడా వాటంతటవే విడివడుతున్నాయి. విద్యార్థుల పట్టికలో లేని నంబరును మార్కుల పట్టికలో వేయబోతే డేటాబేస్ ఒప్పుకోదు. ఎందుకు? అది తప్పుడు ఆచూకీ. ఈ కట్టుబాటునే రెఫరెన్షియల్ ఇంటెగ్రిటీ అంటారు. ఆ గడిని ఖాళీగా, అంటే నల్‌గా వదిలితే, తప్పనిసరిగా నింపాలనే షరతు పెట్టకపోతే, ఒప్పుకుంటుంది. అది ‘ఆచూకీ తెలియదు’ అనడం. తెలియదనడం వేరు, తప్పు చెప్పడం వేరు. ఎప్పుడు చెప్పినా విద్యార్థులు తడబడే చోటు ఇదే.

వ్యాఖ్య: నల్‌ను ‘శూన్యం’ అని రాస్తున్నారు కదా పుస్తకాల్లో?

నా జవాబు: దయచేసి అలా రాయొద్దండీ. శూన్యం అంటే సున్న అని కూడా అర్థం. సున్న మార్కులు వచ్చినవాడు పరీక్ష రాశాడు, నల్ ఉన్నవాడి మార్కులు మన దగ్గర లేవు. సగటు కట్టేటప్పుడు సున్న లెక్కలోకి వస్తుంది, నల్ రాదు. అసలు నల్‌లోనే రెండు అర్థాలు కలిసిపోయాయి. మార్కులు ఇంకా రాకపోతే అది ‘తెలియదు’. అందరికన్నా పైనున్న ఉద్యోగికి పై అధికారి గడి ఖాళీగా ఉంటే అది ‘వర్తించదు’. ఈ రెండింటికీ వేర్వేరు గుర్తులు ఉండాలని కాడ్ తర్వాతి రోజుల్లో ప్రతిపాదించాడు కూడా. ఈ డేటాబేసులను ప్రశ్నలు అడగడానికి వాడే భాష ఎస్క్యూఎల్ మాత్రం ఒకే నల్‌తో సరిపెట్టుకుంది. నేను ‘లేమి’ అని రాస్తున్నాను. ఇంతకన్నా మంచి మాట ఉంటే చెప్పండి.

వ్యాఖ్య: ఆచూకీ బాగుంది. కానీ తప్పిపోయినవాళ్ళ గురించే ఎక్కువగా వాడతాం, అదొక్కటే ఇబ్బంది.

నా జవాబు: ఆ ఛాయ ఉంది, కాదనను. అయినా ఒక చోట అది కూడా పనికొస్తోంది. విద్యార్థుల పట్టికలోంచి ఒక వరుసను తీసేశామనుకోండి. మార్కుల పట్టికలో అతని ఆచూకీ మాత్రం మిగిలింది, వెళ్ళి చూస్తే మనిషి లేడు. ఇలా జరగకూడదని డేటాబేస్ మనల్ని ముందే అడిగి పెట్టుకుంటుంది: తీసెయ్యడానికి ఒప్పుకోవద్దా, మార్కుల వరుసలను కూడా తీసెయ్యాలా, లేక ఆచూకీని లేమిగా మార్చాలా? ఈ మూడూ మొన్నటిదాకా నా నోట్సులో రెండు పేజీలు పట్టాయి. నిన్న మళ్ళీ రాస్తే అరపేజీలో సరిపోయింది.

పరీక్షల్లో, కోడ్‌లో ఫారిన్ కీ అనే ఉంటుంది కాబట్టి ఆ మాటను తీసెయ్యడం లేదు. పాఠంలో మొదటి వాక్యం ఇలా మార్చాను: “ఫారిన్ కీ అంటే, ఒక వరుస ఎక్కడుందో ఇంకో వరుసలో రాసిపెట్టుకున్న ఆచూకీ.” మాస్టారూ, ఈ వారం మీ తరగతిలో ఈ వాక్యం ఒకసారి చదివి వినిపించి, పిల్లలు ఏం అడిగారో ఇక్కడ రాస్తారా?