అప్‌డేట్: సావనీర్‌కి బాస్కర్‌విల్ ఖాయమైంది

కడపలో మా కాలనీ లైబ్రరీ సావనీర్‌లో ఇంగ్లిష్ పేజీలకు ఏ ఫాంట్ బాగుంటుందని పోయిన నెల ఇక్కడ అడిగాను. కొందరు బాస్కర్‌విల్ చూడమన్నారు. ఏడు రోడ్ల దగ్గర డీటీపీ షాపులో అదీ, టైమ్స్ న్యూ రోమనూ రెండూ ప్రింట్ తీయించాం.

టైమ్స్‌ని 1932లో లండన్ పేపర్ ‘ది టైమ్స్’ కోసం తెచ్చారు, అందుకే తక్కువ చోటులో ఎక్కువ మాటలు పడతాయి. బాస్కర్‌విల్ 1750లలో బర్మింగ్‌హామ్‌లో పుట్టింది. అక్షరాలు వెడల్పు, లావు గీతకీ సన్న గీతకీ తేడా బాగా కనిపిస్తుంది. నిజంగానే హాయిగా చదవొచ్చు. కానీ 9 పాయింట్ల సైజులో జిరాక్స్ తీస్తే సన్న గీతలు, అక్షరాల గీతల చివర ఉండే చిన్న కొసలు (సెరిఫ్‌లు) సగం ఎగిరిపోయాయి! టెన్షన్ పడి 11కి పెంచాం. నాలుగు పేజీలు పెరిగాయని ట్రెజరర్ సార్ ఇంకా గొణుగుతూనే ఉన్నారు. ఫుట్‌నోట్లు మాత్రం టైమ్స్‌లోనే ఉంచాం.