సగం చుట్టు తిరిగి ఆగిపోతున్న మోవర్ ఇంజన్: తప్పు వాల్వులదేనా?

ఒహాయోలో మేము ఇల్లు కొన్నప్పుడు పాత యజమాని షెడ్డులో వదిలి వెళ్లిన, కూర్చుని నడిపే గడ్డి మోవర్ ఇది. ఒకే సిలిండరు, 17.5 హార్స్ పవర్. వయసు 20 ఏళ్లకు తక్కువ ఉండదు. తాళం తిప్పగానే ఇంజన్ సగం చుట్టు తిరిగి, ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు ఆగిపోతుంది. ఏడెనిమిది సార్లు తిప్పితే ఎప్పటికో అందుకుంటుంది. అందుకున్నాక మాత్రం అరెకరం గడ్డి పేచీ పెట్టకుండా కోస్తుంది.

బ్యాటరీ కొత్తది, 12.6 వోల్టులు చూపిస్తోంది. తీగల చివరలు గీకి శుభ్రం చేశాను. చలికాలమంతా ట్యాంకులో నిలవున్న పెట్రోలు తీసేసి కొత్తది పోశాను. స్పార్క్ ప్లగ్ విప్పి తాళం తిప్పితే గిరగిరా తిరుగుతోంది! అంటే స్టార్టర్ మోటారు బాగున్నట్టే కదా?

వాల్వుకూ, దాన్ని నొక్కే రాకర్ అనే మీటకూ మధ్య సందు పెరిగితే, స్టార్టు చేసేటప్పుడు కంప్రెషన్ (సిలిండరులో గాలి ఒత్తిడి) కొంత వదిలే ఏర్పాటు పనిచేయదని చదివాను. వాల్వుల మూత తీసి చూస్తే ఎగ్జాస్ట్ వైపు రాకర్ వేలితో కదిపినా టకటకలాడుతోంది. సందు సరిచేయడానికి పిస్టన్ పైకి వచ్చాక పావు అంగుళం కిందికి దించాలా? ఒకవేళ లోపల వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ అనే ఇరుసు మీద, కంప్రెషన్ వదిలే ఆ ఏర్పాటులోని చిన్న స్ప్రింగే విరిగి ఉంటే, బయటి నుంచి తెలుసుకునే మార్గం ఉందా? ఇంజన్ మొత్తం విప్పే ధైర్యం నాకు లేదు, నా మీద ఆ నమ్మకం మా ఆవిడకు అసలే లేదు.