అప్‌డేట్: హిరాల్దా అడుగున ఉన్న లాటిన్ రాయి సంగతి తేలింది
స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో మసీదు మినారుగా మొదలైన హిరాల్దా గోపురం అడుగున లాటిన్ అక్షరాల రాయి ఎలా వచ్చిందని, మోకాళ్ల నొప్పులున్న అమ్మ పైకి ఎక్కగలదా అని గత నెల అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఏటవాలు ఎండలో చూడమన్న సలహాయే ఫలించింది: ఇటుక గోడ కింది రాతి వరుసలో అరిగిన అక్షరాలు నీడ పట్టి స్పష్టంగా కనిపించాయి, బైనాక్యులర్ల అవసరమే రాలేదు. అది రోమన్ల కాలపు రాయేనని, 1184లో పని ప్రారంభించిన అల్మోహద్‌లు (అప్పటి ముస్లిం పాలకులు) పాత కట్టడాల రాళ్లను అడుగుభాగానికి వాడుకున్నారని గైడు వివరించారు. 16వ శతాబ్దపు మరమ్మతుల్లో పెట్టి ఉంటారన్న నా అనుమానం నిలవలేదు, ఎందుకంటే 1568లో ముగిసిన వాస్తుశిల్పి ఎర్నాన్ రూయిజ్ పని పైనున్న గంటల అంతస్తులది. అమ్మ 35 వాలుదారులూ నింపాదిగా ఎక్కింది. చివరి 17 మెట్ల దగ్గర మాత్రం కాస్త గొణిగింది.