ఎడారి డ్యూటీకి కొత్త తమ్ముడు: ట్రాక్షన్ కంట్రోలా, డిఫ్ లాకా?

అచ్చంపేట – అబుదాబి

అన్నలకు నమస్తే. లైసెన్స్ చేతికొచ్చింది, వచ్చే వారం నుంచి ఎడారిల సైటుకు నీళ్ల డ్రమ్ములు చేరేసే డ్యూటీ. బండి టయోటా హైలక్స్, ఫోర్ వీల్. ఒక బటన్ మీద బండి జారుతున్న బొమ్మ ఉంది. ఇంకోదాని మీద ఇరుసు బొమ్మ, వెనక గిర్రల నడుమ ఇంటూ గుర్తు. ఏది ఎప్పుడు ఒత్తాలె? ఊర్ల ట్రాక్టర్ నడిపిన గని ఇసుకల ఎన్నడు నడపలే.

కల్వకుర్తి, ట్రాక్టర్ మెకానిక్

తమ్మీ, ఆ రెండూ నీ ట్రాక్టర్‌ల ఉన్నయే. కరిగెట్ల ఒక గిర్ర ఊరికె తిరిగి ఇంకోటి నిలవడితే ఏం జేస్తవ్? బ్రేక్ పెడళ్లను కలిపే కొక్కెం తీసి, తిరిగే గిర్ర దిక్కు బ్రేకు మెల్లగ తొక్కుతవ్. నిలవడ్డ గిర్రకు బలమొస్తది. ట్రాక్షన్ కంట్రోల్, అంటే నీ జారే బొమ్మ బటన్‌ది, చేసేది గదే, నీ కాలుకు బదులు కంప్యూటర్ తొక్కుతది. ఇగ మడమతోని తొక్కే డిఫరెన్షియల్ లాక్ పెడల్ ఉంటది గద, ఇంటూ గుర్తు బటన్ అదే. రెండు గిర్రలు ఒక్క కడ్డీకి బిగించినట్టు కలిసి తిరుగుతయ్.

మామూలు డిఫరెన్షియల్, అంటే ఇరుసు నడుమ ఉండే గేర్ల గుండు, రెండు దిక్కులా సమానం బలమే పంచుతది. అందుకే ఒక గిర్ర గాల్లె లేస్తే దానికి సున్న, నేల మీద ఉన్నదానికీ సున్ననే. లేసిన గిర్రను బ్రేకు 500 న్యూటన్ మీటర్ల (తిప్పుడు బలం కొలత) తోని పట్టిందనుకో, అటు గిర్రకు 500 పోతది. కని ఇరుసుకు మొత్తం 1000 రావాలె, సగం బ్రేకే మింగుతది. లాక్‌ల ఆ నష్టం లేదు. పట్టున్న గిర్రకే బలమంత పోతది. ఒక్క అరగడ్డకే, అంటే డిఫరెన్షియల్ నుంచి గిర్రదాక పోయే సగం ఇరుసు కడ్డీకే, అంత బరువు పడుతది గనుక గట్టి నేల మీద లాక్ ఏసి మలిపితే ఇరిగేది కూడ అదే.

దేవరకొండ – అల్ ఐన్

పైన అన్న చెప్పింది మనసుల పెట్టుకో. ఇసుక సంగతి నేను చెప్త.

ఇసుకల ఈ రెండు బటన్ల కన్న ముందు గాలి. తారు రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉంటే, ఖాళీ బండికి 15 నుంచి 18కి దించు. వెనక 3 డ్రమ్ములు, అంటే 600 కిలోల నీళ్లుంటే వెనక టైర్లు 20–22 దగ్గర ఆపు. గాలి దిగితే టైరు పొడుగ్గ పరుసుకుంటది, ఇసుక మీద తేలుతది. అట్లని గాలి తక్కువున్నప్పుడు స్టీరింగ్ గట్టిగ కోస్తే టైరు అంచు రిమ్ము నుంచి ఊడొస్తది.

గాలి దించినంక 4హెచ్ వెయ్యి, అంటే నాలుగు గిర్రలకు బలమిచ్చే మామూలు జోరు గేరు. తర్వాత బండి ఆపి, జారే బొమ్మ బటన్ 3 సెకండ్ల కన్న ఎక్కువ ఒత్తి పట్టు. ఒక్కసారి ఒత్తి ఇడిస్తే ట్రాక్షన్ ఒక్కటే ఆగుతది, స్టెబిలిటీ కంట్రోల్, అంటే బండి పక్కకు జారకుంట పట్టేది, నడుస్తనే ఉంటది. రెండూ ఆపుడెందుకంటే, ఇసుకల నాలుగు గిర్రలూ కొంచెం జారుడు మామూలే. కంప్యూటర్‌కు అది తప్పుగ అనిపించి ఇంజను జోరు కోస్తది. దిబ్బ సగం ఎక్కినంక జోరు తగ్గితే బండి అక్కడనే కూసుంటది. చానమంది దిగవడేది గిట్లనే. మళ్ల తారు రోడ్డెక్కంగనే రెండూ ఆన్ చెయ్యాలె, అది మరువకు.

బండి కూసున్నదా, యాక్సిలేటర్ ఇడువు. గిర్రలు తిరిగినకొద్ది గొయ్యి లోతైతది. దిగి గిర్రల ముందర, వెనక, బండి పొట్ట కింద పారతోని ఇసుక తియ్యి. వచ్చిన జాడలనే వెనుకకు రా. అప్పటికీ కదలకపోతే డిఫ్ లాక్ వేసి మెల్లగ చూడు. దిబ్బ పక్కవాలు మీద ఉంటే మాత్రం లాక్ ముట్టకు. వెనక రెండు గిర్రలూ ఒక్కసారే జారితే తోక కిందికి తిరుగుతది, బండి పల్టీ కొడ్తది.

మిర్యాలగూడ – మస్కట్

వాదీ అంటే మన వాగే, నీళ్లు లేని రాళ్ల వాగు. ఎడమ ముందు గిర్ర, కుడి వెనక గిర్ర గుంతల మీద తేలే జాగల ట్రాక్షన్ ఆపొద్దు. 4ఎల్ (నాలుగు గిర్రలకు నెమ్మది, ఎక్కువ బలం గేరు) వెయ్యి: బండి పూర్తిగ ఆగాలె, గేరు న్యూట్రల్‌ల ఉండాలె. ఆపినది ఆపినట్టే ఉంటే బటన్ మళ్ల ఒత్తి ఆన్ చేసుకో.

ఈడ కొత్తోళ్ల తప్పు ఒక్కటే. గిర్ర తిరగంగనే కింద నుంచి కట్ కట్ కట్‌మని చప్పుడొస్తది, భయపడి కాలు తీస్తరు. అది బ్రేకు పంపు చేసే పని. గిర్ర జారితెనే దానికి తెలుస్తది గనుక కొంచెం జారనియ్యాలె. యాక్సిలేటర్ 1500–2000 ఆర్‌పీఎం దగ్గర కదలకుంట పట్టు, బ్రేకు అందుకోంగనే బండి పాకుతది. ఎక్కువసేపు చేస్తే బ్రేకులు వేడెక్కి సిస్టం దానికదే ఆగుతది, చల్లారేదాక ఆగు.

లాక్ అట్ల కాదు, గండం రాకముందే వెయ్యాలె. ఎదురుంగ ఎక్కుడు కనిపిస్తే బండి ఆపి, స్టీరింగ్ సక్కగ పెట్టి బటన్ ఒత్తు. లైటు మినుకు మినుకుమంటే లోపట లాక్ గేరు పండ్లు ఇంక కలవలేదని. ముందుకు రెండు మూడు అడుగులు కదిపితే లైటు నిలుస్తది. గిర్ర జోరుగ తిరుగుతుంటే ఒత్తితే పండ్లు పగులుతయ్. ఎక్కుడు కాంగనే తీసెయ్యి, లాక్ మీద బండి మలగదు, ముక్కు సక్కగనే ఉరుకుతది.

అచ్చంపేట – అబుదాబి

అన్నా, బటన్ తీసినంక కూడ లైటు ఆరకపోతే?

మిర్యాలగూడ – మస్కట్

పండ్ల మీద ఒత్తిడి ఉంటే ఇడువదు. సక్కగ ఒక గజం వెనుకకు, మళ్ల ముందుకు కదుపు, ఆరుతది. ఆరనిది తారు రోడ్డెక్కకు.

దేవరకొండ – అల్ ఐన్

ఇంక రెండు మాటలు. సబ్ఖా అని ఉప్పు నేల ఉంటది. పైన ఎండి పెళుసు పొర, కింద బురద, ఎండకాలం చెరువు శిఖం లెక్క. పొర పగిలితే లాక్ వేసిన బండి ఇంక లోతుకు పోతది, ఎన్ని బటన్లున్నా అటు పోకు. వానొచ్చి వాదీల నీళ్లు పారుతుంటే కూడ దిగకు: 2023ల ఈడ దానికి 2000 దిర్హాంల జుర్మానా, 23 బ్లాక్ పాయింట్లు (లైసెన్స్ మీద పడే తప్పు మార్కులు), 60 రోజులు బండి జప్తు పెట్టిండ్రు.

బండిల గాలి మీటర్, కంప్రెసర్, పార, గిర్రల కింద పెట్టే రెండు ట్రాక్షన్ బోర్డులు, గుంజే బెల్టు ఉన్నయో లేవో పోయేముందే చూసుకో. బెల్టును ట్రైలర్ తగిలించే గుండుకు కట్టనియ్యకు. గుండు ఇరిగితే తుపాకి గుండు లెక్కనే వస్తది. చాసిస్ కొక్కానికే కట్టాలె, గుంజేటప్పుడు మనుషులు దూరం ఉండాలె.