తాగి బండి నడిపితే మొదటిసారికే జైలా? ఫైను చాలా?

పెన్నగట్టు:
2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు పోయారు. రోడ్డు మీద పడి ఉన్న బైకును బస్సు గుద్దింది. ఆ బైకు నడిపినతను తాగి ఉన్నాడని పోలీసులు తర్వాత చెప్పారు. ఆ వారమంతా నెల్లూరులో ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా ఇదే మాట. ఇప్పుడేమో వాట్సాప్ గ్రూపుల్లో "మినీ బైపాస్‌లో ఊదిస్తన్నారు, ఇంకో దారిన రండి" అని మెసేజీలు. పంపేవాళ్ళు దాన్ని సాయం అనుకుంటున్నారు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 (తాగి నడపడం) కింద మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు వెయ్యొచ్చు. వేసేది మాత్రం ఎక్కువగా ఫైనే. పదివేలంటే మాగుంట లేఅవుట్‌లో ఉండేవాడికి ఒక పార్టీ ఖర్చు. వారం రోజులైనా లోపల కూర్చోబెడితేగానీ ఈ జబ్బు కుదరదు.

వేదాయపాళెం:
అన్నా, అదే పదివేలు రోజుకు వెయ్యి తెచ్చుకునే బేల్దారి మేస్త్రికి పది రోజుల కూలి. లోపలేస్తే ఇంకో వారం కూలి పోయె. కార్లో వచ్చినోడు లాయరును పెట్టుకొని బయటపడతాడు, మోపెడ్ మీదొచ్చినోడు జైలుకు పోతాడు. శిక్ష పెంచేకొద్దీ ఆ తేడా పెరుగుద్దే గానీ తగ్గదు.

కోర్టు గుమాస్తా:
ఇద్దరూ ఫైను దగ్గరే ఆగిపోయారు. అసలు శిక్ష పక్కన పడి ఉంది.

185 రాజీకి వచ్చే సెక్షను కాదు. అక్కడికక్కడే డబ్బు కట్టి తేల్చుకోదగిన నేరాల జాబితా సెక్షన్ 200లో ఉంది, అందులో ఇది లేదు. కాబట్టి రోడ్డు మీద పదివేలు తీసుకొని వదిలెయ్యడం చట్టప్రకారం కుదరదు, కోర్టుకు రావాల్సిందే. 2019 సెప్టెంబర్ 1కి ముందు మొదటిసారి ఫైను 2,000 దాకా ఉండేది, ఇప్పుడు 10,000. రెండోసారి దొరికితే 15,000, లేదా రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండూ.

ఇక సెక్షన్ 20(2) చూడండి. 185లో శిక్ష పడ్డవాణ్ణి కనీసం ఆరు నెలలు బండి నడపడానికి అనర్హుడిగా కోర్టు ప్రకటించాలి. ఇది కోర్టు ఇష్టానికి వదిలిన మాట కాదు, "తప్పక" అని ఉంది. నేరం ఒప్పుకొని, ఫైను కట్టి, కోర్టు లేచేదాకా కూర్చొని, గేటు బయట పెట్టిన బండి తనే స్టార్ట్ చేసుకొని ఇంటికి పోయేవాడికి ఆ ఆరు నెలల సంగతి ఎవరూ చెప్పకపోతే చట్టం సగమే అమలైనట్టు. జైలు కావాలని అడిగేముందు ఉన్నదాన్ని అడగండి. లైసెన్సు పోవడం మాగుంట లేఅవుట్ ఆయనకూ మేస్త్రికీ ఒకే బరువు.

బ్రేకు ఇనస్పెక్టరు:
ఒకే బరువేం కాదు. కారున్నాయన డ్రైవరును పెట్టుకుంటాడు. ఆటో నడిపేవాడికి లైసెన్సు పోతే బువ్వే పోయింది.

లైసెన్సు పోయే దారులు రెండు. ఒకటి మీరు చెప్పిన కోర్టు దారి. రెండోది 206(4): పట్టుకున్న పోలీసు లైసెన్సు తీసుకొని, రసీదు ఇచ్చి, లైసెన్సు ఇచ్చే అధికారికి పంపాలి. అక్కడ సెక్షన్ 19 కింద నోటీసు ఇస్తారు, సంజాయిషీ వింటారు, ఉత్తర్వు ఇస్తారు. సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే తాగి నడిపినవాళ్ళ లైసెన్సు కనీసం మూడు నెలలు ఆపమని రాష్ట్రాలకు చెప్పింది. మొదటిసారికి కూడా జైలు కోరమన్నది ఆ కమిటీయే, పెన్నగట్టు గారి వాదనకు అదొక బలం. ఉత్తర్వు సారథిలో, అంటే లైసెన్సుల ఆన్‌లైన్ రికార్డులో, ఎక్కాక ఆ లైసెన్సుతో బండి నడిపితే సెక్షన్ 182: మూడు నెలల దాకా జైలు, లేదా పదివేలు ఫైను, లేదా రెండూ.

తెగేది ఎక్కడంటే కాగితం కదలడంలో. స్టేషన్ నుంచి లైసెన్సు రాకపోయినా, జిరాక్సు మాత్రమే వచ్చినా, నోటీసు పాత చిరునామాకు పోయి తిరిగొచ్చినా ఫైలు అక్కడే ఆగుద్ది. ఇంకోటి, పల్లెల్లో బైకు నడిపేవాళ్ళలో అసలు లైసెన్సే లేనివాళ్ళు తక్కువేం కాదు. వాళ్ళకు సస్పెన్షన్ అంటే బట్టతలకు దువ్వెన. అక్కడ 181 (లైసెన్సు లేకుండా నడపడం) కూడా కలిపి రాస్తేనే ఏదైనా పట్టు ఉంటుంది.

ల్యాబు మనిషి:
శిక్ష సంగతి మీరు చూసుకోండి. "ఒక్క పెగ్గే కదా" అనే మాట మీద నాలుగు లెక్కలు చెప్తా, ఎందుకంటే జనం తేలిగ్గా తీసుకునేది అక్కడే.

హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. మన షాపుల్లో దొరికే విస్కీ, బ్రాందీ 42.8 శాతం. 60 మిల్లీలో 20 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 65 కిలోల మగమనిషి ఖాళీ కడుపున గబగబా తాగితే సుమారు 45 దాకా ఎక్కుద్ది, అంటే ఒక్క 60కే హద్దు దాటినట్టు. స్ట్రాంగ్ బీరు 8 శాతం దాకా ఉంటుంది. 650 మిల్లీ సీసాలో 41 గ్రాములు, అంటే అదే మనిషికి 90 పైన. "బీరే కదా" అనేవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి. క్వార్టరు, అంటే 180 మిల్లీ, 135 దాటిద్ది. అదే కొలత ఆడవాళ్ళకూ బక్కవాళ్ళకూ ఇంకా ఎక్కువ చూపిస్తుంది.

దిగేది గంటకు 15 చొప్పున, మనిషిని బట్టి కాస్త అటూఇటూ. రాత్రి 11కి క్వార్టరు ముగించినవాడు 30 కిందికి రావాలంటే ఏడు గంటలు, అంటే పొద్దున 6. సున్నాకు రావాలంటే 8 దాటాలి. నిద్రపోయినా, నిమ్మకాయ పిండుకున్నా, కాఫీ తాగినా, తలస్నానం చేసినా ఆ వేగం మారదు. పెళ్ళిలో రాత్రి రెండింటిదాకా కూర్చొని తెల్లారి ఆరింటికి హైవే ఎక్కేవాడు తాగి నడుపుతున్నట్టే, వాడికి మాత్రం దిగిపోయినట్టు ఉంటుంది.

ఉల్లిపాయ, పుదీనా, లవంగం, వక్కపొడి ఏవీ పనిచెయ్యవు. మిషను వాసన చూడదు. లోపల ప్లాటినం పూత ఉన్న సెల్లు మీద ఆల్కహాలు మాడితే పుట్టే కరెంటును కొలుస్తుంది. ఆ గాలి ఊపిరితిత్తుల అడుగు నుంచి వస్తుంది కాబట్టి నోట్లో ఏం నమిలినా లాభం లేదు.

వేదాయపాళెం:
మరి హోమియో మందు వేసుకున్నోళ్ళ సంగతి? తాగనోడికీ చూపిస్తుందంటారుగా.

ల్యాబు మనిషి:
చూపిస్తుంది. హోమియో మదర్ టింక్చర్లు, కొన్ని దగ్గు మందులు, మౌత్‌వాష్‌లలో ఆల్కహాలు ఉంటుంది. అది నోటి తడిలో ఉండగానే ఊదితే అంకె పైకి పోతుంది, కానీ పావుగంటలో పోయేది అది. అందుకే పద్ధతి ఏందంటే, ఆపాక 15 నిమిషాలు ఏమీ తినకుండా తాగకుండా కూర్చోబెట్టి, ఆఖరికి నీళ్ళు పుక్కిలించి ఊదించాలి. అంకె వస్తే రెండోసారి ఊదించాలి. నోటి తడి వల్ల వచ్చిన అంకె ధబీమని పడిపోద్ది. రక్తంలోంచి వచ్చింది దాదాపు అక్కడే ఉంటుంది.

పైపు మనిషికొకటి మార్చాలి, కవరు మన ముందే చించాలి. ఒకే ఊపులో మిషను బీప్ ఆగేదాకా ఊదాలి. బుగ్గలు ఉబ్బించి ఊదితే "మళ్ళీ" అంటుంది. చీటీ మీద తేదీ, టైము, మిషను నంబరు, కాలిబ్రేషన్ (మిషను సరిగ్గా కొలుస్తుందో సరిచూడటం) తేదీ ఉన్నాయో లేదో చూసుకోవాలి. కాలిబ్రేషన్ గడువు దాటిన మిషను ఎక్కువే చూపిస్తుందని లేదు, తక్కువ కూడా చూపించొచ్చు. అందుకే అది ఎవరికీ మంచిది కాదు.

కోర్టు గుమాస్తా:
కేసులు ఎందుకు పోతాయో కూడా చెప్పాలి. బచ్చూభాయ్ కేసులో 1971లోనే సుప్రీంకోర్టు చెప్పింది: నోటి వాసన, తడబడే మాట, తూలడం మాత్రమే చాలవని. డాక్టరు "వాసన వస్తోంది" అని రాసిన చీటీ ఒక్కదానితో 185 నిలబడదు.

అరెస్టు చేస్తే రెండు గంటల్లో వైద్యపరీక్షకు పంపాలి, లేదంటే వదిలెయ్యాలి. ఇది సెక్షన్ 202లో ఉంది. యాక్సిడెంటు అయి ఆసుపత్రిలో ఉన్నవాడి దగ్గర రక్తం తీస్తే...

ల్యాబు మనిషి:
గుమాస్తా గారూ, మధ్యలో వస్తున్నా. తీసేముందు చెయ్యి స్పిరిట్‌తో తుడిస్తే ఆ నమూనా అక్కడే పాడైనట్టు. సోడియం ఫ్లోరైడ్ ఉన్న సీసాలో పొయ్యాలి, చల్లగా ఉంచాలి. లేకపోతే నమూనాలోనే పులిసి ఆల్కహాలు పుట్టొచ్చు, ఉన్నది తగ్గిపోనూవచ్చు. పోలీసు బలగం పెంచమనేవాళ్ళు ఈ సీసాల సంగతి ఎప్పుడూ అడగరు.

కలిగిరి అక్క:
బైకులోళ్ళ గురించే మాట్లాడుతున్నారు. మిరప కోతలకు పది పన్నెండు మంది ఆడకూలీలను ఎక్కించుకొని పోయే ఆటో సంగతేంది? వాడికీ 30, ఒంటరిగా పొయ్యే బైకోడికీ 30. ఆస్ట్రేలియాలో బస్సూ ట్యాక్సీ నడిపేవాళ్ళకు హద్దు ఇంకా తక్కువ. మన ఆర్టీసీ డిపోలో డ్యూటీ ఎక్కేముందు డ్రైవరును ఊదిస్తారు. ఆటోకి, రొయ్యల వ్యానుకి, చీమకుర్తి గ్రానైట్ దిమ్మెల ట్రైలరుకి ఎవరు ఊదిస్తున్నారు?

ఇంకోటి. సెక్షన్ 188 ఉంది, గుమాస్తా తమ్ముడు చెప్పలేదు. తాగినోడికి తాళాలిచ్చి పంపిన ఓనరుకు, ప్రేరేపణ కింద, నడిపినోడి శిక్షే పడుద్ది. దాన్ని వాడమనండి ముందు. దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం ముందు కూర్చున్నప్పుడు తాగినోణ్ణి కాదు, అమ్మినోణ్ణి అడిగారు. ఆ ఒత్తిడితోనే 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో ఎత్తేశారు, అది వేరే కథ.

ఒంగోలు సౌత్ బైపాస్:
అక్క అన్నదాంట్లో సగం ఒప్పుకుంటా. 2024 అక్టోబర్ నుంచి ప్రైవేటు షాపులొచ్చాయి, క్వార్టరు 99 రూపాయల సరుకూ వచ్చింది, పొద్దున 10 నుంచి రాత్రి 10 దాకా అమ్మకం. తర్వాత పర్మిట్ రూములు. పక్కనే నిలబడి తాగే చోటు పెట్టి, బయట పది బైకులు పార్కు చేయించి, కిలోమీటరు అవతల ఊదించడం ఏం న్యాయమని జనం అడుగుతారు. అడగడంలో తప్పులేదు. హైవేకి 500 మీటర్లలోపు షాపు ఉండకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. 2017లో 20 వేల లోపు జనాభా ఉన్నచోట 220 మీటర్లకు తగ్గించింది, మున్సిపాలిటీలను వదిలేసింది. దాంతో నెల్లూరు, కావలి, ఒంగోలు ఊళ్ళ లోపల దానికి పెద్ద పట్టు లేకుండా పోయింది.

కానీ "అమ్మినోడిదే తప్పు" అని నడిపినోణ్ణి వదిలెయ్యలేం. జపాన్‌లో 2007 నుంచి పోసినోడికీ, పక్కన కూర్చున్నోడికీ, బండిచ్చినోడికీ శిక్ష ఉంది, నడిపినోడికి వీళ్ళ వల్ల ఒక్క రోజు కూడా తగ్గదు.

తనిఖీ ఎప్పుడూ ఊరి నడిబొడ్డున, అదే సర్కిల్లో, అదే టైములో పెడతారు. తాగేవాడు చర్చి సెంటరు కాదు, చుట్టుపక్కల పల్లెకు పోయే సింగిల్ రోడ్డెక్కుతాడు. న్యూ సౌత్ వేల్స్‌లో 1982 డిసెంబరులో ఎక్కడైనా ఎవరినైనా ఆపి ఊదించడం మొదలుపెట్టాకే తాగి నడిపే చావులు బాగా తగ్గాయి. జైలెన్నాళ్ళు అని ఎవడూ లెక్క వేసుకోడు. ఈ రాత్రి దొరుకుతానా అని వేసుకుంటాడు.

కోర్టు గుమాస్తా:
ఒక అడ్డు ఉంది. మన సెక్షన్ 203లో అనుమానించడానికి తగిన కారణం ఉంటేనే ఊదమనాలని ఉంది. అందరినీ వరసగా ఊదించడానికి ఆస్ట్రేలియాకు ఉన్నంత స్పష్టమైన అధికారం ఇక్కడ రాసి లేదు. ఊదనంటే మాత్రం అదే ఎదురు తిరుగుద్ది. కారణం లేకుండా నిరాకరించినదాన్ని 205 కింద అతనికి వ్యతిరేకంగా తీసుకోవచ్చు.

అక్కా, 188 మాట నిజమే, నేను వదిలేశాను. ప్రాణం పోతే కథ మారుతుంది. నిర్లక్ష్యం కింద భారతీయ న్యాయ సంహిత (బి.ఎన్.ఎస్.) 106(1) అయితే అయిదేళ్ళ దాకా. తాగి నడిపితే ఎవరైనా చస్తారని తెలిసీ నడిపాడని రుజువైతే 105, అక్కడ పదేళ్ళ దాకా. 2012లో అలిస్టర్ పెరీరా కేసులో సుప్రీంకోర్టు ఆ దారే పట్టింది. జైలు కావాలనేవాళ్ళు అడగాల్సిన చోటు ఇది.

వేదాయపాళెం:
ఇన్సూరెన్సు సంగతి ఎవరూ ఎత్తలేదు. జనం భయపడేది అక్కడేమో.

కోర్టు గుమాస్తా:
సొంత బండి రిపేరు క్లెయిము పోతుంది. 2021లో ఇఫ్కో టోకియో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఏందంటే, కంపెనీ 30 మిల్లీగ్రాముల అంకె చూపించనక్కర్లేదు, మత్తులో నడిపాడని మిగతా సాక్ష్యంతో తేలినా చాలు. ఓనర్-డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమాలో కూడా మత్తు మినహాయింపే. చచ్చిపోయినవాడి ఇంట్లోవాళ్ళకు ఆ సంగతి ఆఫీసుకు పోయినాకే తెలుస్తుంది.

పెన్నగట్టు:
జైలు మాట నేను వెనక్కి తీసుకోను. కానీ లైసెన్సు ముందు అనేది ఒప్పుకుంటున్నా. మన జిల్లాలో అది నిజంగా ఆపుతున్నారా లేదా అనేది ఎట్టా తెలుసుకునేది?

కోర్టు గుమాస్తా:
సమాచార హక్కు దరఖాస్తు రెండు పెట్టండి, జిల్లా ఆఫీసుకు ఒక్కోదానికి పది రూపాయలు, జవాబుకు 30 రోజులు. పోలీసు ఆఫీసుకు: గత ఏడాది నెలవారీగా 185 కేసులెన్ని, 206(4) కింద రవాణా శాఖకు పంపిన లైసెన్సులెన్ని, మిషన్లెన్ని, ఒక్కోదాని ఆఖరు కాలిబ్రేషన్ తేదీ. రవాణా శాఖకు: అట్టా అందిన లైసెన్సులెన్ని, సెక్షన్ 19 కింద ఇచ్చిన ఉత్తర్వులెన్ని, ఎన్ని నెలలకు. పేర్లు అడగొద్దు, అడిగితే వ్యక్తిగత సమాచారమని తిప్పికొడతారు. అంకెలే అడగండి.

బ్రేకు ఇనస్పెక్టరు:
లైసెన్సు లేకుండా దొరికినవాళ్ళ లెక్క కూడా విడిగా అడగండి, లేకపోతే రెండు ఆఫీసుల అంకెలూ కలవవు.

ఒంగోలు సౌత్ బైపాస్:
ప్రకాశానికి నేను పెడతా. నెల్లూరుది వచ్చినాక ఈడే వెయ్యండి.